గాడిద నేర్పిన విద్య

మా పెరట్లో ఒక ద్రాక్ష పందిరి ఉంది. ఈ మాట అనగానే మీ కళ్ళ ముందు ఏం కదులుతుందో నాకు తెలుసు. గుత్తులు గుత్తులుగా వేలాడే పళ్ళు, కింద ఒక వాలుకుర్చీ, అందులో కూచుని నవల రాసుకుంటున్న నేను! కుర్చీ మాట, నవల మాట నిజమే గాని, గుత్తుల సంగతి మాత్రం అడక్కండి. మొన్నమొన్నటిదాకా మా పందిరి కాసినవల్లా ఆకులు. నాలుగు కలిపి కుడితే విస్తరి అయ్యేటంత ఆకులు! వాటి సందున ఎక్కడో నాలుగైదు గుత్తులు, మిరియాలకి అన్నదమ్ముల్లాంటి కాయలు. నోట్లో వేసుకుంటే చింతకాయే నయం. అందని ద్రాక్ష పుల్లన అనుకుందిట కథలో నక్క. మా ఇంట్లో అందిన ద్రాక్షే పుల్లన.

ఆ తీగ మా మామగారు వేసింది. ఈ ఇల్లు కట్టుకున్న కొత్తలో హైదరాబాదు ఇంకా ఇంతదూరం రాలేదు. వీధికి అవతలంతా ద్రాక్ష తోటేనట. అక్కణ్ణించి ఒక పుల్ల అడిగి తెచ్చి గుచ్చారట ఆయన. ఆయన ఉన్నన్నాళ్ళూ బుట్టలకొద్దీ కాసేదని మావారు ఇప్పటికీ చెబుతారు. ఆయన పోయాక మా అత్తగారు ఆ తీగకి నీళ్ళు పోయడం మానలేదు, ఎరువు వెయ్యడం మానలేదు. కాని, ఒక్క చిగురు తుంచనిచ్చేవారు కాదు. "ఆయన చేతి తీగ అమ్మాయీ. దానిమీద కత్తి పెట్టకండి" అనేవారు. ఆ మాట తర్వాత ఇంకేం మాట్లాడతాం?

నేను చదివింది బి.ఏ., అందులోనూ చరిత్ర. చెట్టుకి వైద్యం చెయ్యడం తెలీదు గాని దాని తాతముత్తాతల ఆరా తియ్యడం వచ్చు. అంచేత ద్రాక్ష వంశవృక్షం వెతకడం మొదలుపెట్టాను.

చిన్నప్పుడు ద్రాక్షారామం వెళ్తున్నామంటే ఊరంతా ద్రాక్ష తోటలుంటాయని సంచీ పట్టుకు బయల్దేరినదాన్ని నేను. తీరా వెళ్తే భీమేశ్వరుడున్నాడు గాని ద్రాక్షలు లేవు. దక్షుడి ఆరామం అది, దక్షారామం. జనం నోట్లో నాని తియ్యబడింది! మన పండితులు కవిత్వానికి పాకాలు చెప్పారు కదా, నోట్లో వేసుకోగానే కరిగిపోయేది ద్రాక్షాపాకం, కాస్త తొక్క ఒలుచుకోవాల్సింది కదళీపాకం, పీచు తీసి పగలగొట్టుకోవాల్సింది నారికేళపాకం అని. అరటీ, కొబ్బరీ మన పెరటివే. మరి మన పెరట్లో లేని ద్రాక్షకి మొదటి పీట ఎలా దొరికింది?

ఆ ద్రాక్ష వాయవ్యం నుంచి వచ్చిన చుట్టం. కాబూలుకి ఉత్తరాన కాపిశి అనే పట్నం ఉండేది. పాణిని తన వ్యాకరణంలో ఆ ఊరి పేరు ప్రత్యేకంగా చెప్పాడు. ఆ ఊరి మధువునీ, ద్రాక్షనీ ఏమని పిలవాలో వ్యాఖ్యాతలు దాని కింద ఉదాహరణలిచ్చారు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి విధులు చెబుతూ, ద్రాక్షరసమే మధువనీ, కాపిశాయనం, హారహూరకం అని దాని పేర్లు పుట్టిన చోటునిబట్టి వచ్చాయనీ రాశాడు. చరకుడు పళ్ళలోకెల్లా మేలైనదిగా ద్రాక్షనే ఎంచాడు. ఎండుద్రాక్ష అయితే ఎంత దూరమైనా వస్తుంది. కొండలు దాటి, ఒంటెలెక్కి, మన వైద్యుడి మందుపెట్టెలోకీ, కవి నోట్లోకీ వచ్చేసింది.

1526లో పానిపట్టు గెలిచిన బాబరు హిందూస్థానంలో తనకి నచ్చనివాటి పట్టిక ఒకటి రాసుకున్నాడు. అందులో మంచి ద్రాక్షలు లేవు, ఖర్బూజాలు లేవు అన్న బెంగ కూడా ఉంది. పాపం, రాజ్యం గెలిచాడు గాని పుట్టింటి పండు దొరకలేదు! చివరికి ఆగ్రా తోటలో ద్రాక్ష వేయించి, అవి కాసినప్పుడు ఎంతో సంతోషపడ్డానని కూడా తనే రాసుకున్నాడు. అత్తారింటికి వచ్చాక పుట్టింటి మల్లెమొక్క తెచ్చి వేసుకున్న ఆడపిల్లకి ఆ సంతోషం ఏమిటో వేరే చెప్పాలా?

కాని బాబరుకంటె రెండొందల ఏళ్ళ ముందే మన దక్కనులో ద్రాక్ష కాసింది. 14వ శతాబ్దంలో మొరాకో నుంచి వచ్చిన ఇబ్న్ బతూతా, దౌలతాబాదులో ద్రాక్షా దానిమ్మా పండుతాయనీ, ఏడాదికి రెండు కాపులనీ రాశాడు. రెండు కాపులు! ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. చలిదేశాల్లో ద్రాక్షకి ఏడాదికి ఒకటే కాపు. శీతాకాలంలో ఆకులన్నీ రాల్చేసి తీగ నిద్రపోతుంది. వసంతంలో లేచి చిగిర్చి, ఆ చిగుళ్ళతోపాటే పూతా తెచ్చుకుంటుంది. మన దక్కనులో మంచు పడదు. తీగకి నిద్ర రాదు. పసిపిల్ల నిద్రపోకపోతే ఏం చేస్తుంది? పేచీ పెడుతుంది. ద్రాక్ష నిద్రపోకపోతే ఆకులు వేస్తుంది. అదీ మా పందిరి జబ్బు.

జబ్బు తెలిసింది సరే, మందేమిటి? అది చెప్పింది పుస్తకం కాదు, ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తాత. ఒకరోజు మా గేటు దగ్గర నుంచుని పందిరికేసి చూసి నవ్వాడు.

"గిట్ల ఒదిలిపెడితె ఆకులే వస్తయమ్మా, పండ్లు రావు. ఏడాదికి రెండుసార్లు కోత పెట్టాలె."

అతనికెలా తెలుసని అడిగాను. చెయ్యెత్తి తను కాపలా కాసే అయిదంతస్తుల భవనం చూపించాడు. "ఈడనే ఉండె తోట. నేను అండ్లనే పని జేసిన. అంతా అనాబ్-ఎ-షాహీ."

అనాబ్-ఎ-షాహీ అంటే రాజుగారి ద్రాక్ష అని. నిజాముల కాలంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన దాన్ని హైదరాబాదుకి తెచ్చాడని ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. లేత తేనెరంగు, కోలగా ఉండే పెద్ద పండు, లోపల రెండు మూడు గింజలు. ఈ నేల దానికి ఎంత నచ్చిందంటే, హైదరాబాదు చుట్టుపక్కల రాతి స్తంభాలమీద తీగ పందిళ్ళు లేచి ఎకరాలకెకరాలు పరుచుకున్నాయి. తర్వాత ఊరు పెరిగింది, బావులు ఎండాయి, పందిళ్ళు ప్లాట్లయ్యాయి. అంతటి తోటలో మిగిలింది మా పెరటి తీగ ఒక్కటీ, ఆ తాత చేతిలో పనితనమూ.

తాత చెప్పిన లెక్క ఇది. ఏప్రిల్‌లో మొదటి కోత. కొమ్మకి ఒకటి రెండు కణుపులు ఉంచి మిగతాదంతా తీసెయ్యాలి. పందిరి బోడిగా కనిపిస్తుంది, భయపడకూడదు. అప్పుడు వచ్చే కొత్త కొమ్మల కణుపుల్లోనే, ఎండ బాగా తగిలితే, నెలా రెణ్ణెల్లలో రాబోయే గుత్తి రహస్యంగా తయారవుతుంది. అక్టోబరులో రెండో కోత. ఈసారి రకాన్నిబట్టి నాలుగైదు మొదలు పదీపన్నెండు కణుపులదాకా ఉంచి కొసలు తీస్తారు. ఆ దెబ్బకి దాగున్న గుత్తి బయటపడుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల పండు చేతికొస్తుంది. అంటే చలికాలం చెయ్యాల్సిన పని ఇక్కడ కత్తెర చేస్తుందన్నమాట! మనకి పళ్ళు కనిపించేది మాఘఫాల్గుణాల్లో అయినా, వాటి నొసటి రాత రాసేది మండువేసవిలో.

కోస్తే ఎక్కువ కాస్తుందని మొట్టమొదట మనిషికి ఎవరు చెప్పారంటారు? గ్రీసు దేశంలో నాఫ్లియో అనే ఊళ్ళో ఒక బండమీద గాడిద బొమ్మ చెక్కి ఉండేదట. ఒక గాడిద ద్రాక్షతీగ కొసలు మేసేసిందట. మరుసటి ఏడు ఆ తీగ మునుపటికంటె విరగకాసిందట. అప్పటినించీ కోత పెట్టడం నేర్చుకున్న జనం, గురుదక్షిణగా ఆ బొమ్మ చెక్కించారట. ఈ సంగతి రాసినవాడు రెండో శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్. రాసి, ఇదంతా చిల్లర కథ, చెప్పుకోదగ్గది కాదు అని కూడా తనే అన్నాడు! మగవాళ్ళ చరిత్రలన్నీ ఇంతే. యుద్ధాలు చెప్పుకోదగ్గవి, పంట ఎలా పండిందో చిల్లర. నాకు మాత్రం ఆ గాడిదమీద అపారమైన గౌరవం కలిగింది. నా నవలలకి కత్తెరవేసే సంపాదకులమీద కూడా ఆ రోజు నుంచీ కొంచెం కోపం తగ్గింది.

ఇక అసలు కథ అత్తగారి దగ్గర. తాత చెప్పిందంతా చెప్పాను. గాడిద కథ చెప్పాను. ఆవిడ విని, "గాడిదలు మేస్తాయి. మనం మనుషులం" అన్నారు.

తాత ఊరుకోలేదు. "పెద్దమ్మా, సారు ఉన్నప్పుడు ఏటేటా నన్నే పిలిచేటోడు. ఈ తీగను నేనే కోసేటోణ్ణి" అన్నాడు.

"అబద్ధం. ఆయన దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నారు. నలభై ఏళ్ళు కాపరం చేసిన నాకు తెలీకుండానా?" అన్నారు అత్తగారు. ఆవిడ గొంతు వణికింది. నాకు భయం వేసింది. అక్కడ మాట్లాడుకుంటున్నది ద్రాక్షతీగ గురించి కాదని నాకు అప్పుడు తెలిసింది.

చరిత్ర చదువుకున్నదాన్ని కదా, ఇలాంటి తగువు ఆధారంతో తప్ప తేలదని నాకు తెలుసు. మామగారు రోజువారీ పద్దులు రాసేవారు. అటకమీద ట్రంకుపెట్టెలో ఆ పుస్తకాలన్నీ ఉన్నాయి. దించి, దుమ్ము దులిపి, అత్తగారి పక్కన కూచుని తిప్పాను. పాలు, చాకలి, పిల్లల ఫీజు... ఏప్రిల్ నెలాఖరున ఒక పద్దు. 'ద్రాక్ష కత్తిరింపు, కూలి.' మళ్ళీ అక్టోబరులో అదే పద్దు. మరో ఏడాది తీశాను. అదే. ఇంకో ఏడాది, అదే.

అత్తగారు చాలాసేపు ఆ అక్షరాలకేసి చూశారు. తర్వాత మెల్లిగా అన్నారు. "ఏప్రిల్‌లో పిల్లలకి సెలవులివ్వగానే నేను మా పుట్టింటికి వెళ్ళిపోయేదాన్ని. దసరాకీ అంతే. తిరిగొచ్చేసరికి పందిరి పచ్చగా చిగిర్చి ఉండేది." కాసేపాగి, "నేను చూస్తే బాధపడతానని..." అని ఊరుకున్నారు.

మర్నాడు పొద్దున్నే తాతని ఆవిడే పిలిపించారు.

కోసిన కొమ్మల కొసల నుంచి బొట్టుబొట్టుగా నీరు కారింది. వేళ్ళు పైకి తోసే నీరది, తీగకి ప్రమాదమేమీ లేదు. ఫ్రెంచివాళ్ళు కూడా దాన్ని కన్నీరనే అంటారు. "చూడు, ఏడుస్తోంది" అన్నారు మావారు. అత్తగారు పందిరికేసి చూసి, "ఏడవనీ. చెవులు కుట్టించినప్పుడు మీరూ ఏడ్చారు" అన్నారు!

ఇక్కడితో అయిపోలేదు. పండు పెద్దది కావాలంటే కొమ్మల్లోనే కాదు, గుత్తిలో కూడా కత్తెర ఆడాలి. ఇంగ్లండులో హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో 1768లో నాటిన ద్రాక్షతీగ ఒకటి ఇప్పటికీ బతికే ఉంది. ఒక్క తీగ ఏడాదికి సుమారు 270 కిలోలు కాస్తుంది! దాన్ని చూసుకోవడానికే ఒక మనిషి. అక్కడి ధనవంతుల గాజుఇళ్ళలో ద్రాక్ష పెంచే తోటమాలులకి సన్నటి పొడుగాటి మొనలున్న కత్తెరలు వేరే ఉండేవి. పిందెలు చిన్నగా ఉన్నప్పుడే లోపలివీ, ఒరుసుకునేవీ, గిడసబారినవీ ఒక్కొక్కటే తీసేసేవారు. మిగిలినవాటికి చోటూ, తిండీ రెండూ దొరుకుతాయి. కొమ్మకి ఎన్ని గుత్తులు వస్తే అన్నీ ఉంచినా ఇంతే సంగతి. పదిమందికి పెట్టాల్సిన అన్నం పాతికమందికి పంచితే ఎవరి ఆకలీ తీరదు కదా.

మరి బజార్లో దొరికే గింజల్లేని ద్రాక్ష అంత లావు ఎలా అవుతుందంటారా? దానికో కథ ఉంది. 1872లో కాలిఫోర్నియాలో విలియం థాంప్సన్ అనే ఆయన న్యూయార్కు నుంచి మూడు ద్రాక్షపుల్లలు తెప్పించుకున్నాడు. రెండు చచ్చిపోయి ఒకటే బతికింది. ఆ ఒక్క పుల్ల సంతానమే థాంప్సన్ సీడ్‌లెస్. నిజానికది మన పాయసంలో వేసుకునే కిస్‌మిస్ వంశానిదే. దాంతో చిక్కేమిటంటే, గింజ లేకపోతే పండు సహజంగా చిన్నగానే ఉండిపోతుంది. పండుని పెరగమని కబురు పంపేది లోపలి గింజే మరి. పూర్వం కాండం చుట్టూ ఉంగరంలా సన్నటి బెరడు తీసి, ఆకులు వండిన తిండి వేళ్ళకి దిగకుండా పళ్ళకే అందేటట్టు చేసేవారు. చెయ్యి తిరగనివాళ్ళు చేస్తే తీగే చస్తుంది, మనం ఆ జోలికి పోవద్దు.

తర్వాత జపాను నుంచి ఒక కొత్త మందు వచ్చింది. అక్కడి వరిమళ్ళలో కొన్ని మొలకలు సన్నగా, పొడుగ్గా ఎదిగిపోయి వాలిపోయేవి. రైతులు దాన్ని 'తెలివితక్కువ మొలక' తెగులనేవారు. 1926లో కురొసావా అనే శాస్త్రజ్ఞుడు తైవానులో పనిచేస్తూ, ఒక బూజు కక్కే పదార్థమే దానికి కారణమని తేల్చాడు. 1935లో యాబుటా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో వీవర్ అనే ప్రొఫెసరు దాన్ని గింజల్లేని ద్రాక్షమీద చల్లి చూస్తే పండు ఉబ్బి లావైంది. లేని గింజ పంపాల్సిన కబురు సీసాలోంచి వచ్చిందన్నమాట! మా అనాబ్-ఎ-షాహీకి ఆ అవసరం పెద్దగా లేదు. దాని గింజలు దానికున్నాయి. తింటూ గింజలు ఉమ్మడానికి విసుక్కునేవాళ్ళం, ఆ పండు లావు ఆ గింజల చలవేనని తెలిశాక నేను విసుక్కోవడం మానేశాను.

తెగుళ్ళ మాటా చెప్పాలి. ద్రాక్షాకుకి బూజు తెగులు పడితే పండు పాడవుతుంది. ఫ్రాన్సులో బోర్డో దగ్గర రైతులు, దారినపోయేవాళ్ళు పళ్ళు కోసుకుపోకుండా రోడ్డువారగా ఉన్న తీగలమీద మైలుతుత్తమూ, సున్నమూ కలిపి చల్లేవారు. నీలంగా అసహ్యంగా ఉంటే ఎవరూ ముట్టుకోరని! 1882లో మిలార్డె అనే ప్రొఫెసరు అటు నడిచి వెళ్తూ, తోటంతా తెగులు పట్టినా రోడ్డువార తీగలు మాత్రం పచ్చగా ఉండడం గమనించాడు. మూడేళ్ళ పరిశోధన తర్వాత 1885లో ప్రకటించాడు. అదే బోర్డో మిశ్రమం. దొంగలకి వేసిన ఎత్తుకి తెగులు చిక్కింది. మందు సంగతి ఎలా ఉన్నా, పందిరిలోకి గాలీ వెలుతురూ వచ్చేటట్టు ఉంచితే సగం తెగుళ్ళు దగ్గరికే రావు.

ఇంకొక్క మాట. ద్రాక్ష మామిడికాయలాంటిది కాదు. కోసి గడ్డిలో పెడితే పండదు. కోశాక ఇసుమంత తీపి కూడా పెరగదు. అంచేత రంగు చూసి తొందరపడకండి. గుత్తి కొసన ఉన్న పండు తిని చూడండి. అది తియ్యగా ఉంటేనే కొయ్యండి. పండే రోజుల్లో నీళ్ళు కూడా తగ్గించాలి. లేకపోతే పండు ఉబ్బుతుంది గాని రుచి పలచబడుతుంది.

ఆ అక్టోబరులో రెండో కోత పెట్టాం. నవంబరులో పూత వచ్చింది. పిందెలు జొన్నగింజలంత అయ్యేసరికి, ఒక మధ్యాహ్నం నేను నిద్రలేచి పెరట్లోకి వెళ్తే, మా అత్తగారు ఎత్తు పీట వేసుకుని, మనవడి చేత దాన్ని పట్టించి, ఎంబ్రాయిడరీ కత్తెరతో గుత్తిలోంచి పిందెలు ఒక్కొక్కటే తీస్తున్నారు. ఒక్క చిగురు తుంచనివ్వని మనిషి! కింద ఒళ్ళో పరుచుకున్న తువ్వాల్లో రాలిన పిందెలు. "పప్పులో వేస్తే పుల్లగా బావుంటాయి" అన్నారు నన్ను చూసి, తప్పు చేస్తూ దొరికిపోయినదానిలా.

మార్చిలో పద్ధెనిమిది గుత్తులు కోశాం. బుట్టలకొద్దీ కాదులెండి. కాని ఒక్కొక్క పండూ ఉసిరికాయకి దగ్గర. మొదటి గుత్తి మామగారి పటం ముందు పెట్టారు అత్తగారు. రెండోది తాతకి.

ఈ ఏడాది అక్టోబరు కోతప్పుడు తాత, కోసిన కొమ్మల్లో పెన్సిలు లావువి మూడు పుల్లలు ఏరి, తడిగుడ్డలో చుట్టుకుని వాళ్ళ ఊరు తీసుకెళ్ళాడు. వాళ్ళబ్బాయి ఇంటి వెనక గుచ్చాడట. మొన్న వచ్చి చెప్పాడు, రెండు ఎండిపోయాయనీ, ఒకటి చిగురేసిందనీ.

ఒకటి చాలు. థాంప్సన్‌కి మాత్రం ఎన్ని దక్కాయి?